ఆదివారం పక్షుల లెక్క సీటు తెచ్చిపెడుతుందా?

ప్రశ్న: మాది కర్నూలు, బెంగళూరులో స్థిరపడ్డాం. మా అమ్మాయి మొదటి పీయూసీ (ఇంటర్ మొదటి ఏడాది). ప్రతి ఆదివారం పొద్దున్నే కైకొండ్రహళ్లి చెరువుకు వెళ్లి పక్షులను లెక్కపెట్టి, చూసిన పక్షులను రాసిపెట్టే ఈబర్డ్ యాప్‌లో నమోదు చేస్తుంది. అదీ సైన్సేనని వాదిస్తుంది. నీట్ కోచింగ్ పెట్టుకుని ఇదంతా కాలయాపన కాదా? రేపు దేనికైనా పనికొస్తుందా?
– ఒక తండ్రి, సర్జాపుర రోడ్డు

జవాబు: ముందు సీటు సంగతి తేల్చేద్దాం. నీట్‌లో ఈ లెక్కలు ఒక్క మార్కు కూడా కలపవు. సర్టిఫికెట్ కోసమే వెళ్తుంటే ఇవాళే మానిపించండి.

అయితే వాదనలో మాత్రం మీ అమ్మాయిదే గెలుపు. 2020లో వెలువడిన భారత పక్షుల స్థితిగతుల నివేదిక 867 జాతులను పరిశీలించింది. దానికి ఆధారం సుమారు 15,500 మంది పక్షి ప్రేమికులు ఈబర్డ్‌కు పంపిన కోటికి పైగా నమోదులు. పిచ్చుకలు దేశమంతటా కనుమరుగవుతున్నాయని మనమంతా బాధపడుతున్న రోజుల్లో, మొత్తం మీద వాటి సంఖ్య దాదాపు నిలకడగానే ఉందనీ, బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ సహా ఆరు మహానగరాల్లో మాత్రం తగ్గుతోందనీ ఆ నివేదిక తేల్చింది. జీతానికి పెట్టుకున్న పరిశోధకులతో ఇంత దేశాన్ని గాలించడం అయ్యే పనేనా?

ఒకసారి ఆమె ఫోను తీసుకుని చూడండి. మొదలుపెట్టిన సమయం, నడిచిన దూరం, పట్టిన నిమిషాలు, ఏ పక్షి ఎన్ని. చివర్లో ఒక ప్రశ్న: గుర్తుపట్టిన పక్షులన్నిటినీ రాశారా? అసలు కిటుకు అక్కడే ఉంది. పాలపిట్టను రాసి కాకులను వదిలేస్తే ఆ జాబితా విలువ తగ్గిపోతుంది. అన్నీ రాసినప్పుడే, జాబితాలో లేనిది ఆ పూట కనబడలేదని అర్థం చేసుకోవచ్చు. వంద పూర్తి జాబితాల్లో పిచ్చుక ఎన్నింటిలో ఉందో ఏటేటా పోల్చి చూస్తే పెరుగుతోందో తగ్గుతోందో తెలుస్తుంది. కనబడకపోవడమూ సమాచారమేనని పదహారేళ్లకే తెలిసిందంటే తక్కువ మాట కాదు. పట్టా పుచ్చుకున్న వాళ్లలోనూ ఈ సంగతి తెలియని వాళ్లున్నారు.

నా సలహా ఒకటే. కొత్త చెరువుల వెంట పడకుండా, ఇప్పటిలాగే అదే చెరువు, అదే దారి, అదే వేళ పట్టుకోమనండి. ఒక ప్రశ్న కూడా పెట్టుకోమనండి: చలికాలపు వలస బాతులు ఏ వారంలో దిగుతున్నాయి, ఏ వారంలో వెళ్లిపోతున్నాయి? తన నమోదులను ఈబర్డ్ నుంచి దింపుకుని గ్రాఫు గీయడం నేర్చుకుంటే, రేపు డాక్టరైనా ఇంకేమైనా ఆ విద్య అక్కరకొస్తుంది.

ఈ దారిలోనే వెళ్తానంటే, బీఎస్సీ తరవాత మన ఊళ్లోనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో వన్యప్రాణి జీవశాస్త్రంలో ఎమ్మెస్సీ ఉంది. ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. కొన్నేళ్ల సొంత నోట్సు ఉన్న పిల్లకు అక్కడ మాట్లాడటానికి సరుకుంటుంది. ఉద్యోగాలు తక్కువ, మొదట్లో జీతాలూ అంతంతమాత్రమే. అది ఇప్పుడే చెప్పుకోవడం మంచిది.

కోచింగ్ ఒత్తిడి పెరిగే వచ్చే ఏడాది చెరువు కుదరకపోతే, మీ అపార్ట్‌మెంటు ఆవరణలోని కానుగ చెట్టునే ఎంచుకుని, చెట్లలో రుతువుల మార్పులను జనంతో నమోదు చేయించే సీజన్‌వాచ్‌లో నమోదు చేసుకోవచ్చు. వారానికొకసారి చిగుళ్లు, మొగ్గలు, పూలు, కాయలు చూసి, లేవా, కొన్నా, చాలా ఉన్నాయా అని గుర్తు పెడితే చాలు. ఐదు నిమిషాల పని. ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పక్షుల లెక్కింపుకు బాల్కనీలో పదిహేను నిమిషాలు నిలబడినా సరిపోతుంది. ఆ పూట మీరూ పక్కన నిలబడి కాకుల లెక్క చూసుకోండి.