మరి ఆ గీత ఏమైంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రాయడం గురించే. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు వాయిదా వేసి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను. నేను పెద్ద రచయిత్రిని కాదు. ఇరవై ఏళ్లకు పైగా చిన్న చిన్న బైబిలు ధ్యానాలు రాస్తూ, వాటిలో చాలావాటికి తర్వాత సిగ్గుపడుతూ వచ్చినదాన్ని. ఈ జవాబులు ఎక్కువగా ఆ సిగ్గులోంచి వచ్చినవే.

ప్రశ్న: వందనాలు అక్కా. రోజువారీ సంగతుల్లోంచి విశ్వాస పాఠాలు రాయాలని నా ఆశ. కానీ నా జీవితంలో చెప్పుకోదగ్గది ఏదీ జరగదు. అందుకని ముందు ఒక వచనం ఎంచుకుని, దానికి సరిపోయే సంఘటన వెతుక్కుంటున్నాను. రాసినవన్నీ ప్రసంగంలా ఉన్నాయని తిప్పి పంపుతున్నారు. ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?

జవాబు: ‘ముందు ఒక వచనం ఎంచుకుని’ అన్నారు చూడండి, అక్కడే. చొక్కా కుట్టేసి, అది పట్టే మనిషి కోసం వీధులు తిరిగినట్టుంది. ఎవడో ఒకడు దొరుకుతాడు, భుజాల దగ్గర బిగుసుకుపోతుంది, మీరేమో బాగుందంటారు.

బైబిల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం, మొదటి అధ్యాయం తీయండి. దేవుడు ఆయన్ని అడిగిన ప్రశ్న ‘నీకేమి కనబడుచున్నది?’ అని. ‘నువ్వేం నేర్చుకున్నావు’ అని అడగలేదు. యిర్మీయా కూడా తెలివితేటలు చూపించలేదు. బాదంచెట్టు చువ్వ కనబడుతోందన్నాడు, అంతే. బాగా చూశావన్న మెచ్చుకోలు వచ్చాకే అర్థం వచ్చింది, తన మాట నెరవేర్చడానికి దేవుడు కనిపెట్టుకుని ఉన్నాడని. ఆ అర్థం కూడా చువ్వ పేరులోంచే పుట్టింది. హీబ్రూలో బాదం ‘షాకేద్’, కనిపెట్టుకుని ఉండేవాడు ‘షోకేద్’. అది ఏ చెట్టుదో యిర్మీయా సరిగ్గా చెప్పకపోతే మాట అక్కడితో ఆగిపోయేది. ఆమోసునూ, జెకర్యానూ కూడా ఇదే ప్రశ్న అడిగాడు. ఆమోసు మట్టపు గుండు అన్నాడు, ఇంకోసారి పండ్ల గంప అన్నాడు. నాకు ఈ జవాబులంటే చాలా ఇష్టం. ప్రవక్తలై ఉండి, చూసినదాన్ని చూసినట్టే చెప్పారు.

ఇక నా సంగతి. మా అమ్మాయి చిన్నప్పుడు ఒక ఏడాది కాలంలో బాగా పొడుగు సాగింది. బడికి వేసుకునే నీలం గౌను మోకాళ్ల పైకి వచ్చేసింది. కింది మడత విప్పి పొడుగు చేద్దామని బ్లేడుతో కుట్లు ఒక్కొక్కటే కోశాను. మడత లోపల గుడ్డ కొన్ననాటి ముదురు నీలంలో ఉంది. పైనంతా ఉతికి ఉతికి బూడిద రంగు తిరిగింది. ఆ రెంటికీ మధ్య, మడత అరిగినచోట, తెల్లటి గీత. గీత పొడుగునా నూగు, గట్టిపడిన మట్టి, సూది చేసిన చిల్లులు. తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేశాను. చిల్లులు పూడాయి గానీ గీత పోలేదు. పిల్ల ఆ గౌను వేసుకుని కుర్చీ ఎక్కి నిలబడి, కిందికి చూసుకుని, ‘అమ్మా, గీత కనిపిస్తోంది’ అంది.

ఆ రాత్రే కూర్చుని రాసేశాను. మనం ఎదిగే రోజు కోసం దేవుడు కృపను మడతపెట్టి దాచి ఉంచుతాడని. రాస్తుంటే నాకే కళ్లు చెమర్చాయి (అలా జరిగిందంటే అనుమానించాల్సిందే, ఇప్పుడు తెలిసింది). గీత గురించి ఒక ముక్క రాసి, గబగబా ముదురు నీలం దగ్గరికి వెళ్లిపోయాను. అప్పట్లో పత్రిక చూసే పెద్దాయన వ్యాసం తిప్పి పంపారు. ఎక్కడా దిద్దుబాటు లేదు. ఇస్త్రీ వాక్యం పక్కన మార్జిన్‌లో పెన్సిలుతో మూడే మాటలు: ‘మరి గీత ఏమైంది?’

నాకు కోపం వచ్చింది. రెండు వారాలు ఆ కాగితం ముట్టుకోలేదు. కానీ గౌను ఉతికిన ప్రతిసారీ గీత చేతికి తగిలేది. పిల్ల ఆ గౌను వేసుకున్న రోజున పుస్తకాల సంచి ముందుకు పట్టుకుని నడుస్తోందని కూడా అప్పుడే గమనించాను. దాచడానికి. ఒక రోజు గౌను ఆరవేస్తుంటే యేసు శిష్యుడు తోమా గుర్తొచ్చాడు. లేచిన ప్రభువు అతనికి తన చేతులూ ప్రక్కా చూపించాడు. మరణాన్ని గెలిచి వచ్చిన శరీరం మీద మేకుల గుర్తులు ఉండిపోయాయి, ఆయన వాటిని దాచలేదు. వ్యాసం మళ్లీ రాశాను. ఈసారి కృప, మడత అన్న పోలిక ఎక్కడా రాలేదు. గీత వచ్చింది, సంచి వచ్చింది, తోమా నాలుగు పంక్తుల్లో వచ్చి వెళ్లిపోయాడు. అచ్చయింది.

అందుకని మీ జీవితంలో ఏదీ జరగదంటే నమ్మను. మీ కథలో మీ పాఠానికి ఇమడకుండా పక్కకు నెట్టేసిన ముక్క ఒకటి ఉంటుంది. తిరిగొచ్చిన వ్యాసాలు తీసి ఆ ముక్క ఎక్కడుందో వెతకండి.

ప్రశ్న: చివర్లో పాఠం విప్పి చెప్పకపోతే పాఠకులకు అర్థమవుతుందా?

జవాబు: తప్పిపోయిన కుమారుడి కథ ఎక్కడ ఆగిందో చూడండి. తమ్ముడు తిరిగొచ్చాడని విందు చేస్తున్నందుకు అలిగి పెద్దకొడుకు ఇంటి బయట ఉన్నాడు, తండ్రి వచ్చి బతిమాలుతున్నాడు. వాడు లోపలికి వెళ్లాడా లేదా లూకా చెప్పడు. విత్తువాడి ఉపమానాన్నీ, గురుగుల ఉపమానాన్నీ ప్రభువు విప్పి చెప్పాడు, నిజమే. అదీ శిష్యులు అడిగితే. నాతాను ప్రవక్త కూడా, పేదవాడి గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ చెప్పి, దావీదు రాజుతో ‘ఆ మనుష్యుడవు నీవే’ అనేశాడు. కాకపోతే దావీదు ఆ ధనవంతుడి మీద మండిపడి, వాడికి తీర్పు తీర్చేదాకా ఆగి అన్నాడు. మీరూ చెప్పాలనుకుంటే చెప్పండి. ఒక్క వాక్యం. పాఠకుడు అక్కడికి చేరాక.

ప్రశ్న: అమ్మా, మా బంధువుల ఇంట్లో ఒక విషాదం జరిగింది. అందులో అందరికీ పనికొచ్చే హెచ్చరిక ఉందనిపిస్తోంది. పేర్లు మార్చి రాయవచ్చా?

జవాబు: వద్దు. ఎందుకో చెప్పడానికి నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

మా పైవాటాలో ఒకావిడ ఉండేవారు, నాకంటే పెద్ద. ఒక ఉదయం మెట్ల మీద జారి కాలు విరిగింది. నెల తిరక్కుండా నేనో ధ్యానం రాశాను. తొందరపాటు గురించి, దేవుని సమయం కోసం కనిపెట్టకుండా పరుగెత్తే అడుగుల గురించి. ఆమె పేరు రాయలేదు. రాయనక్కరలేదు, చుట్టుపక్కల అందరికీ తెలుసు. కట్టు విప్పాక ఆమె చేతికర్ర పట్టుకుని మెల్లగా కిందికి దిగి వచ్చారు. చేతిలో పత్రిక. ‘ఆ రోజు నాకు తొందరేమీ లేదమ్మా. మెట్టు తడిగా ఉంది. నువ్వు కుండీలకు నీళ్లు పోశావు కదా’ అన్నారు.

ఎంత మామూలుగా అన్నారంటే, తిట్టినా బాగుండేది. మెట్ల పక్కన ఆ కుండీలు నావే. తుడవకుండా లోపలికొచ్చి, ఆమె పడిన చప్పుడు విని పరుగెత్తాను కూడా. ఆ నీళ్లు నా కళ్లముందే ఉన్నాయి. నా వ్యాసంలో మాత్రం చుక్క లేదు.

సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో ఉన్నవాళ్లందరికంటే పెద్ద అపరాధులని అనుకుంటున్నారా అని ప్రభువే అడిగి, కాదని చెప్పాడు. తర్వాత మాట వింటున్నవాళ్ల మీదికి తిప్పాడు, మీరు మారుమనస్సు పొందండని. చనిపోయినవాళ్ల గురించి ఒక్క పాఠమూ తీయలేదు. పుట్టు గుడ్డివాడి విషయంలోనూ శిష్యులు ‘ఎవరు పాపం చేశారు’ అని మొదలుపెడితే ఆ ప్రశ్ననే తోసిపుచ్చాడు. కష్టాల్లో ఉన్న యోబును చూడడానికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద కూర్చుని ఒక్క మాటా పలకలేదు. వాళ్లు చేసిన పనుల్లో నాకు నచ్చింది అదొక్కటే. పాఠాలు ఆ తర్వాత మొదలయ్యాయి.

ఆ ఇంటికి వెళ్లండి. పాత్రలు తోమి పెట్టండి. అక్కడ మీ గురించి మీకేమైనా తెలిసొస్తే దాన్ని రాయండి. నేను ఆ పైవాటా ఆవిడకు క్షమాపణ చెప్పాను. ఆమె ‘సరేలే’ అన్నారు. ఇప్పుడు ఈ సంగతి రాయడానికి ఆమె అనుమతి అడిగితే, ‘ఈసారైనా నీళ్ల గురించి రాయి’ అన్నారు.

ప్రశ్న: వాక్యాన్ని వివరించాలి గానీ గౌనులూ గిన్నెలూ చూసి బోధించడం వాక్యానుసారం కాదని మా సంఘంలో ఒక సహోదరుడు అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: ఆయన భయం అర్థం లేనిదేమీ కాదు. గిన్నెలోంచి ఎవరికి కావలసిన సిద్ధాంతం వాళ్లు తీసుకోవచ్చు. కానీ సామెతలు 24వ అధ్యాయం చివర్లో ఆ జ్ఞాని సోమరివాడి చేను పక్కగా నడిచి వెళ్తున్నాడు. ముళ్లు, దూలగొండ్లు, కూలిన రాతిగోడ. ‘దాని చూచి యోచన చేసికొంటిని’ అంటాడు. ఒక పాడుబడ్డ పొలమే ఆయనకు పాఠం. అది ఇప్పుడు లేఖనంలో ఉంది.

మీరు జాగ్రత్త పడాల్సింది ఒక్క మాట దగ్గర. గౌను మడత విప్పుతుంటే ‘దేవుడు నాతో చెప్పాడు’ అని రాయకండి. ‘నాకు ఫలానా వచనం గుర్తొచ్చింది’ అనండి. మొదటిది రాస్తే ఎవరూ కాదనలేరు, సంపాదకుడు కూడా. అదే దానితో వచ్చే చిక్కు.

ప్రశ్న: పాఠం బాగా కుదరడం కోసం జరిగినదాన్ని కొంచెం మార్చవచ్చా?

జవాబు: కల్పించండి, కథ అని చెప్పండి. ‘ఒక మనుష్యునికి ఇద్దరు కుమారులుండిరి’ అని మొదలుపెడితే ఆ మనుష్యుడి ఇల్లు ఎక్కడని ఎవరూ అడగరు. ‘ఇది నా జీవితంలో జరిగింది’ అన్నాక మాత్రం మెట్టు తడిగా ఉంటే తడిగానే ఉండాలి.

ప్రశ్న: ఇద్దరు చిన్నపిల్లలు, ఇంటి పని, ఉద్యోగం. మౌనంగా కూర్చుని ధ్యానించే సమయమే లేదక్కా. నాలాంటివాళ్లు రాయగలరా?

జవాబు: బ్రదర్ లారెన్స్ గురించి వినే ఉంటారు. 17వ శతాబ్దంలో పారిస్‌లో ఒక మఠంలో ఉండేవాడు. ఏళ్ల తరబడి ఆయన పని వంటగదిలో, తర్వాత చెప్పులు బాగుచేసే చోట. వంట పనంటే ఆయనకు మొదట్నుంచీ సహజంగానే అయిష్టం. అది నాకు పెద్ద ఊరట. గిన్నెల చప్పుడు మధ్య కూడా, ప్రార్థనలో మోకరించినప్పుడు ఉన్నంత నెమ్మదిగా దేవుని సన్నిధిలో ఉన్నానని చెప్పుకున్నాడు. పుస్తకం రాయాలని ఆయన కూర్చోలేదు. 1691లో ఆయన చనిపోయాక, ఆయన మాటలూ ఉత్తరాలూ ఇతరులు పోగుచేసి అచ్చు వేశారు.

మీరు చేయగలిగింది: పడుకునే ముందు ఒక చిన్న పుస్తకంలో ఆ రోజు చూసినది మూడు నాలుగు పంక్తులు. ‘చిన్నవాడు నిద్రలో నా జడ పట్టుకున్నాడు, విడిపించుకోవడానికి వేళ్లు ఒక్కొక్కటే తీశాను.’ ఇంతే. కింద సగం పేజీ వదిలేయండి. అర్థం అదే రాత్రి రానక్కరలేదు. మార్కు 4లో విత్తనం చల్లినవాడు నిద్రపోతూ, లేస్తూ ఉంటాడు, అది ఎలా మొలిచిందో వాడికే తెలియదు. మీకైతే నిద్ర కూడా దొరకడం లేదు, తెలుసు. పంక్తులు రెండైనా పరవాలేదు.

ప్రశ్న: మీ పుస్తకంలో ఇంతవరకూ పాఠం దొరకని పేజీ ఏదైనా ఉందా? ఒకటి చెప్పండి.

జవాబు: చాలా ఉన్నాయి. ఒకటి చెబుతాను.

మావారు పోయాక ఆయన బైబిలు నా దగ్గరికి వచ్చింది. అందరిలాగే కీర్తనల్లో, రోమా పత్రికలో గీతలు గీసుకున్నారు. అవి నాకు తెలిసినవే. ఒక రోజు తిరగేస్తుంటే దినవృత్తాంతములు మొదటి గ్రంథం, 27వ అధ్యాయంలో పెన్సిలుతో చిన్న టిక్కు కనబడింది. దావీదు రాజు ఆస్తులకు ఎవరెవరు అధికారులో వరసగా చెప్పే పేర్ల జాబితా అది. టిక్కు 30వ వచనం పక్కన. రాజుగారి ఒంటెల మీద నియమించిన ఇష్మాయేలీయుడి పేరు దగ్గర.

ఆ మనిషి గురించి బైబిల్లో ఇంకెక్కడా ఒక్క మాట లేదు. మావారికి ఒంటెల గొడవ ఎప్పుడూ లేదు. ఆ అధ్యాయం మీద ఆయన మాట్లాడగా నేను వినలేదు. పరాయివాడికి రాజుగారి కొలువులో చోటు దొరికిందనుకుని పెట్టుకున్నారా? ఆ రోజు చదవడం అక్కడికి ఆపి గుర్తు పెట్టుకున్నారా? లేక పెన్సిలు జారిందా? జారితే అంత శుభ్రంగా పడదు.

నా పుస్తకంలో ఆ సంగతి రెండు పంక్తుల్లో రాసి, కింద సగం పేజీ వదిలి ఏడేళ్లయింది. నిన్న ఈ జవాబు రాద్దామని మళ్లీ తీసి చూశాను. పెన్సిలు గుర్తు కొంచెం వెలిసింది. దాని మీద వేలు పెట్టకుండా మూసేశాను.