ఫ్రాన్స్‌లో పల్లెటూరి మేయర్ పార్లమెంటుకు వెళ్తే మేయర్ పదవి వదులుకోవాలా?

ఇప్పుడు వదులుకోవాల్సిందే. 2014లో చేసిన చట్టం 2017 నుంచి అమలైంది. అంతకుముందు రెండు పదవులూ కలిపే నడిపేవారు.

జాఁ లసాల్ సంగతే చూడండి. పిరనీస్ కొండల్లో గొర్రెల కాపరుల ఇంట పుట్టారు. 1977లో, 21 ఏళ్లకే లూర్దియోస్-ఇషేర్ అనే చిన్న ఊరికి మేయర్ అయ్యారు. 2002లో నేషనల్ అసెంబ్లీకి, అంటే పార్లమెంటు దిగువ సభకు గెలిచాక కూడా ఆ కుర్చీ వదల్లేదు.

పారిస్ వెళ్లినా మనసంతా కొండలోనే. 2003లో సాక్షాత్తూ హోం మంత్రి సర్కోజీ మాట్లాడుతుండగా లేచి, దక్షిణ ఫ్రాన్స్ ప్రాంతీయ భాష అయిన ఆక్సితాన్‌లో పాట అందుకున్నారు! తమ లోయలో పోలీసు బలగాన్ని తగ్గిస్తున్నారని నిరసన. 2006లో ఆ లోయలో ఫ్యాక్టరీ ఉన్న తోయాల్ అనే అల్యూమినియం కంపెనీ కొత్త ప్లాంటును లోయ బయట పెడతానంటే, ఉన్నదీ తరలిపోతుందన్న భయంతో అసెంబ్లీలోనే 39 రోజులు నిరాహార దీక్ష పట్టారు. 20 కిలోలకు పైగా చిక్కిపోయారు. చివరికి ప్రభుత్వం కల్పించుకోవడంతో కంపెనీ దిగొచ్చింది. ఒక్క ఫ్యాక్టరీ కోసం ఇంత పట్టుదలా అని నవ్వినవాళ్లూ లేకపోలేదు. కానీ అలాంటి లోయలో ఫ్యాక్టరీ పోతే వెనకే బడీ, కొట్టూ మూతపడతాయి.

చట్టం వచ్చాక 2017లో మేయర్ పదవి వదిలేశారు. ఎంపీగా 2022 దాకా ఉన్నారు. అధ్యక్ష పదవికి రెండుసార్లు పోటీ చేశారు. రెండోసారి 3 శాతం పైచిలుకు ఓట్లు వచ్చాయి.