తోట అమ్మి తమ్ముడికి రేసింగ్ సీటు... లోన్ నా పేరు మీద!

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉంది. తమ్ముడికి 16, ఇంటర్ ఫస్టియర్. చిన్నప్పటి నుంచీ గో కార్టింగ్ చేస్తున్నాడు. 2023లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేస్ చూసొచ్చాక మా ఇంట్లో వేరే మాటే లేదు. నిరుడు, వాడి కంటే ఎప్పుడూ వెనకుండే ఒక అబ్బాయికి యూరప్‌లో ఎఫ్4 (ఫార్ములా 4, కార్టింగ్ తర్వాత మొదటి మెట్టు) టీమ్‌లో సీటు దొరికింది. వాళ్ల నాన్న పెద్ద బిల్డర్. అప్పటి నుంచి నాన్న ‘టాలెంట్‌కి విలువ లేదు, డబ్బున్నవాడిదే రాజ్యం’ అని రగిలిపోతున్నారు. ఇప్పుడు ఒక మేనేజర్ రెండున్నర కోట్లకి సీటు ఇప్పిస్తానంటున్నాడు. నూజివీడు దగ్గర తాతగారి మామిడి తోట అమ్ముతారట, ఇల్లు తాకట్టు పెడతారట. తక్కువ పడే 20 లక్షలకి నన్ను పర్సనల్ లోన్ తీసుకోమంటున్నారు. రెండేళ్ల కిందట నేను ఎంఎస్‌కి వెళ్తానంటే డబ్బు లేదన్నది ఈయనే! అమ్మేమో ‘వాడి జీవితం నీ చేతిలో ఉంది’ అని ఏడుస్తోంది. పోయిన నెల కోయంబత్తూరులో రేస్ రోజు పొద్దున్నే తమ్ముడు వాంతి చేసుకున్నాడు. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, ‘అక్కా, తోట అమ్మేశాక నేను గెలవకపోతే?’ అన్నాడు. సంతకం పెట్టనంటే నేను స్వార్థపరురాలిని అవుతానా?
– ఒక అక్క, హైదరాబాద్

జవాబు: ముందు లోన్ సంగతి తేల్చేద్దాం. తీసుకోవద్దు. 12 శాతం వడ్డీకి ఐదేళ్ల గడువు పెట్టుకున్నా నెలకి 44 వేల పైన కట్టాలి. ఎఫ్4 సీజన్ ఏడెనిమిది నెలల్లో అయిపోతుంది. మీ ఈఎంఐ మాత్రం మీకు పెళ్లయ్యాక కూడా నడుస్తూనే ఉంటుంది. మీ తమ్ముడు గెలిచినా ఎఫ్4లో ఆ అప్పు తీరేంత ప్రైజ్ మనీ ఉండదు. కాదనడం స్వార్థం కాదు. ఎంఎస్ విషయంలో మీ మనసులో ఉన్నదాన్ని అసూయ అని కూడా నేననను. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఒకరికి లేని డబ్బు ఇంకొకరికి ఎలా వచ్చిందని అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే.

ఇక మీ నాన్నగారి కోపం. అందులో నిజం లేకపోలేదు. రేసింగ్‌లో డబ్బు తెచ్చి సీటు తీసుకునేవాళ్లని ‘పే డ్రైవర్’ అంటారు, ఇది దాచిపెట్టే విషయం కూడా కాదు. రేసింగ్‌లో అన్నిటికన్నా పై మెట్టు ఫార్ములా వన్. అందులో నడిపిన పాస్టర్ మాల్డొనాడో వెనుక వెనిజులా ప్రభుత్వ చమురు కంపెనీ డబ్బుంది. 2018లో ఫార్ములా వన్ టీమ్ ఫోర్స్ ఇండియా, అదే మన విజయ్ మాల్యా టీమ్, దివాలా అంచుకి వచ్చినప్పుడు లారెన్స్ స్ట్రోల్ అనే కోటీశ్వరుడు కొంతమందిని కూడగట్టి దాన్ని కొన్నాడు. మరుసటి ఏడాది ఆ కారులో ఆయన కొడుకు లాన్స్ కూర్చున్నాడు.

కానీ ఈ కథల్లో రెండో సగం కూడా ఉంది, అది మీ నాన్నగారికి చెప్పండి. మాల్డొనాడో 2012లో స్పానిష్ గ్రాండ్ ప్రీ గెలిచాడు. లాన్స్ స్ట్రోల్ పద్దెనిమిదేళ్లకే బాకు గ్రాండ్ ప్రీలో మూడో స్థానంలో నిలిచాడు. ఏడుసార్లు ప్రపంచ చాంపియన్ షూమాకర్ 1991లో బెల్జియంలోని స్పా ట్రాక్‌లో జోర్డన్ అనే టీమ్ కారులో మొదటిసారి ఫార్ములా వన్‌లోకి దిగాడంటే, ఆ సీటుకి మెర్సిడెస్ డబ్బు కట్టింది కాబట్టే. మన నారాయణ్ కార్తికేయన్‌కి 2005లో అదే జోర్డన్‌లో చోటు దొరకడం వెనుక టాటాల స్పాన్సర్‌షిప్ ఉంది. డబ్బు తెచ్చాడు కాబట్టి చేతకానివాడు అనే లెక్క ఇక్కడ చెల్లదు. చేతనైనవాడికీ ఎవరో ఒకరు డబ్బు కట్టాల్సిందే. అయినా నాకు అర్థం కానిదొకటి: డబ్బుతో సీటు కొన్నాడని ఆ బిల్డర్‌ని తిడుతున్న మనిషి, ఇప్పుడు సరిగ్గా అదే పని చేయబోతున్నారు కదా!

మనకి బాగా తెలిసిన మేనేజ్‌మెంట్ కోటా సీటుతో పోల్చి చూడండి. అక్కడ డొనేషన్ కట్టి చేరినా, నాలుగేళ్లు చదివితే డిగ్రీ చేతికొస్తుంది. ఇక్కడ ఏటా కొత్తగా డొనేషన్ కట్టాలి, అదీ ముందుటేడు కంటే ఎక్కువ. ఎఫ్4 తర్వాత ఎఫ్3, ఒక సీజన్‌కి పది కోట్ల పైమాటే. దాని మీద ఎఫ్2, ఇరవై కోట్లు దాటుతుంది. నూజివీడు తోట మొదటి మెట్టుకే అయిపోతుంది, రెండో మెట్టుకి అమ్మడానికి ఏముంది? ఈ ప్రశ్నకి మీ నాన్నగారి దగ్గర ఇప్పుడు జవాబు లేకపోతే, మొదటి మెట్టు ఎక్కడంలో అర్థం ఉండదు. పై మెట్టు దాకా వెళ్లి గెలిచినవాళ్లకీ భరోసా లేదు. 2022 ఎఫ్2 చాంపియన్ ఫెలిపే డ్రుగోవిచ్, 2023 చాంపియన్ తియో పూర్షేర్. ఇద్దరికీ మరుసటి ఏడాది ఫార్ములా వన్‌లో సీటు దొరకలేదు.

నాన్నగారు బహుశా ఎస్టెబాన్ ఓకాన్ పేరు ఎత్తుతారు, లేదా ఆ మేనేజర్ ఇప్పటికే ఎత్తి ఉంటాడు. ఓకాన్ తండ్రి కూడా మెకానిక్కే. కొడుకు రేసింగ్ కోసం ఇల్లూ గ్యారేజీ అమ్మేసి, కుటుంబమంతా ఒక కారవాన్‌లో బతికారు. పిల్లాడు ఫార్ములా వన్‌కి చేరాడు, 2021లో హంగరీలో గెలిచాడు. వింటే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. అయితే 2018లో స్ట్రోల్ బృందం కొన్న టీమ్‌లో సీటు పోగొట్టుకుని, 2019 అంతా రిజర్వ్ డ్రైవర్‌గా పక్కన కూర్చున్నదీ ఈ ఓకానే. ఇంకో సంగతి, ఇల్లమ్ముకుని ఎక్కడికీ చేరని కుటుంబాల గురించి ఎవరూ ఇంటర్వ్యూలు చేయరు.

పాతతరం డ్రైవర్ నికి లౌడా సంగతి వేరు. వియన్నాలో డబ్బున్న కుటుంబం, కానీ తాతకి రేసింగ్ గిట్టదు. ఇంట్లోవాళ్లు పైసా ఇవ్వకపోతే, 22 ఏళ్ల వయసులో తన జీవిత బీమాని హామీగా పెట్టి బ్యాంకులో అప్పు తెచ్చి సీటు కొనుక్కున్నాడు. ఆ తర్వాత మూడుసార్లు ప్రపంచ చాంపియన్. అప్పు చేయడం గొప్ప అని చెప్పడానికి ఇది రాయట్లేదు. అక్కడ సంతకం పెట్టినవాడూ, నష్టపోతే మునిగేవాడూ, కారు నడిపేవాడూ ఒక్కడే. మీ ఇంట్లో నడిపేది తమ్ముడు, నిర్ణయం నాన్నది, సంతకం మీది, ఏడుపు అమ్మది. ఆ పిల్లాడికి వాంతి అవడంలో ఆశ్చర్యం ఏముంది?

అసలు వాడి స్థాయి ఎంతో ఇంట్లో ఎవరికైనా తెలుసా? కప్పులు, పోడియం ఫొటోలు లెక్కలోకి రావు. తెలిసిన కోచ్‌లు చూసేది ఒకే టీమ్, ఒకే ఇంజన్, ఒకే రకం టైర్లు ఉన్న పక్క కుర్రాడితో తేడా ఎంతని. ల్యాప్‌టాప్‌లో ఇద్దరి ల్యాప్ గీతలూ ఒకదాని మీద ఒకటి వేసి చూపిస్తారు. ఎవరు ఎక్కడ బ్రేక్ తొక్కారు, మలుపు మధ్యలో ఎవరి వేగం ఎంత ఉంది, యాక్సిలరేటర్ మీద కాలు మళ్లీ ఎప్పుడు పడింది, అన్నీ అందులో కనిపిస్తాయి. టైర్లు వేడెక్కని మొదటి రెండు ల్యాపులు, వాన పడ్డ రోజు ల్యాపులు విడిగా అడగండి, నేర్పు అక్కడ బయటపడుతుంది. ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పగలిగే మీ నాన్నగారికి ఆ గీతలు అర్థం కావడం కష్టమేమీ కాదు. చూసి చెప్పే మనిషి మాత్రం కమిషన్ తీసుకునే ఆ మేనేజర్ కాకూడదు.

మేనేజర్‌ని అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఆ రెండున్నర కోట్లలో టైర్లు, టెస్టింగ్ రోజులు, విమానం టికెట్లు, బస, వీసా ఉన్నాయా? యాక్సిడెంట్ అయితే డ్యామేజ్ బిల్లు ఎవరిది? ఈ స్థాయిలో అది మామూలుగా డ్రైవర్ కుటుంబానిదే, ఒక్క గట్టి గుద్దుడికి లక్షలు పోతాయి. సీజన్ మధ్యలో ఒక వాయిదా కట్టలేకపోతే సీటు ఉంటుందా, ఊడుతుందా? ‘స్పాన్సర్లు వస్తారు’ అంటున్నాడా? వాళ్ల పేర్లూ మొత్తాలూ కాగితం మీద పెట్టమనండి. నోటిమాట చెల్లదు.

యూరప్ ఒక్కటే దారి అని కూడా అనుకోనక్కర్లేదు. 2023 నుంచి మన దేశంలోనే ఎఫ్4 చాంపియన్‌షిప్ నడుస్తోంది. ఇక్కడ ఒక సీజన్ చేసి, ఎక్కడ నిలిచాడో చూసి, అప్పుడు యూరప్ మాట ఎత్తొచ్చు. ఫార్ములా వన్‌లో నడపడానికి కావాల్సిన సూపర్ లైసెన్స్‌కి మామూలుగా 18 ఏళ్లు నిండాలి, కింది సిరీస్‌లలో 40 పాయింట్లు సంపాదించాలి. వాడికి 16. ఒక్క ఏడాది ఆగితే కొంపలేమీ మునిగిపోవు. ఎఫ్4, ఫార్ములా వన్ లాంటి సింగిల్ సీటర్ కార్లు కాకుండా, రోడ్డు కార్లని రేసులకి మార్చిన జీటీ కార్లలో కంపెనీలు జీతమిచ్చి పెట్టుకునే డ్రైవర్లూ ఉన్నారు. వాళ్ల పేర్లు మన ఇళ్లలో వినిపించవు, అంతే.

తోట విషయం. పత్రాలు తీసుకెళ్లి ఒక లాయర్‌కి చూపించండి. అది పిత్రార్జితం అయితే హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ ప్రకారం మీకూ తమ్ముడితో సమానంగా వాటా ఉంటుంది. తాతగారి స్వార్జితం అయితే లెక్క మారుతుంది. కోర్టుకి వెళ్లమని కాదు నేను చెప్పేది. ఎవరి ఆస్తి ఖర్చవుతోందో తెలిసి మాట్లాడితే మాటకి బరువుంటుంది. ఇల్లు తాకట్టు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దనండి. మీ అమ్మగారు ఆ మాట అనలేకపోతున్నారేమో, మీరు అంటే ఆవిడ మీ వెనక నిలబడతారని నాకనిపిస్తోంది.

ఇప్పుడు మీ తమ్ముడు. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది వాడి ఒక్క ప్రశ్నే. రేస్ ముందు కడుపులో తిప్పడం పెద్ద డ్రైవర్లకీ ఉంటుంది, దానికి భయపడక్కర్లేదు. కానీ వాడు భయపడింది మలుపుకీ, పక్క కారుకీ కాదు, తోటకి. తోటంతా వీపు మీద మోస్తున్నవాడు ఓవర్‌టేక్ ఎలా చేస్తాడు? ముందు ఒకసారి డాక్టర్‌కి చూపించండి. ఒంట్లో ఏమీ లేదంటే, రేస్ ముందు మళ్లీ వాంతులైతే ఆలస్యం చేయకుండా సైకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆటగాళ్లతో పనిచేసేవాళ్లు హైదరాబాద్‌లో దొరుకుతారు.

ఈ శని, ఆదివారాల్లో వాణ్ని మీ దగ్గరికి రప్పించుకోండి. నాన్న లేకుండా, ట్రాక్ లేకుండా. ‘ఇంట్లో ఎవరూ చూడ్డానికి రాకపోయినా, ఎవరికీ చెప్పకపోయినా, నీకు కార్టు నడపాలనుందా?’ అని అడగండి. జవాబు వెంటనే రాకపోతే ఒత్తిడి చేయకండి. ‘అవును’ అంటే మీ ఇంటి గొడవంతా డబ్బు లెక్కే, కూర్చుని తేల్చుకోవచ్చు. ‘తెలీదు’ అంటే ఆ మాట నాన్నకి చెప్పే పని వాడి మీద వదలకండి, మీరు పక్కన కూర్చోండి. మీకు వాడి మీద కోపం లేదని కూడా ఒకసారి నోరు తెరిచి చెప్పండి. ఎంఎస్ గొడవ వాడికి తెలియదని మీరు అనుకుంటున్నారేమో గానీ, ఆ వయసు పిల్లలకి ఇంట్లో మాటలన్నీ వినిపిస్తాయి.

నాన్నగారి చేత వాడికి ఒక మాట చెప్పించగలిగితే చాలా బరువు దిగుతుంది: ‘ఎంత పెడతానో నిర్ణయం నాది, పోతే నాది, నువ్వు నాకేమీ బాకీ లేవు.’ ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా అనగలిగే మొత్తం ఎంతో, అంతే పెట్టమనండి. రెండున్నర కోట్లకి ఆ మాట నోటికి రాకపోతే ఆ సీటు వాళ్లకి అందనిదని ఆయనకే తెలుస్తుంది.

మేనేజర్ జవాబులు కాగితం మీద వచ్చేదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వొద్దని, తోటకి బయానా తీసుకోవద్దని ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. బయానా పుచ్చుకున్నాక బేరం వెనక్కి తిప్పడం కష్టం. లోన్ మాట వస్తే ‘నా వల్ల కాదు నాన్నా’ అనండి, కారణాలు ఏకరువు పెట్టొద్దు. ఒక్కో కారణానికి ఆయన ఒక్కో సమాధానం వెతుకుతారు.