బంతులు తుడుస్తూ విన్న హోంవర్క్

ప్రశ్న: మేడమ్, మా నాన్న పోయి నెల దాటింది. ఉద్యోగం చేసుకుంటూనే పాతికేళ్లకు పైగా సాయంత్రాలు పిల్లలకు వాలీబాల్ నేర్పారు, ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. ఆ పిల్లలంతా ఇప్పుడు పెద్దవాళ్లయి సంస్మరణ సభ పెడుతున్నారు, నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. నాలుగుసార్లు రాసి చింపేశాను. ఏం రాసినా 'ఆదర్శమూర్తి, క్రమశిక్షణకు మారుపేరు' అనే వస్తోంది. కోచ్‌గా ఆయన సంగతి నాకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. ఇంట్లో మామూలు నాన్నే, రాత్రి వరండాలో కూర్చుని బంతులు తుడుస్తూ నా హోంవర్క్ అప్పజెప్పించుకునేవారు, అంతే. ఆదివారాలు మాత్రం మాకు దక్కేవారు కాదు, చిన్నప్పుడు దాని మీద చాలా కోపంగా ఉండేది. అది చెప్పొచ్చా? పిల్లల వివరాలు రాసుకున్న ఆయన నోట్‌బుక్ దొరికింది, అందులోంచి చదవాలని ఉంది. అమ్మేమో సభకు రానంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: 'అంతే' అని దాటేశారే, అక్కడే ఆగండి తల్లీ. రోజంతా ఉద్యోగం చేసి, సాయంత్రం గ్రౌండ్‌లో గొంతు పోయేలా అరిచి ఇంటికొచ్చిన మనిషి, చేతిలో తడిగుడ్డ, ఒళ్లో బంతి పెట్టుకుని చెవి మీకు అప్పగించాడు. ఈ దృశ్యం సభలో మీరు తప్ప ఇంకెవరూ చూడలేదు. ఆ గుడ్డ ఏ రంగుది, మీరు ఎక్కడ కూర్చునేవారు, తప్పు చెబితే తుడవడం ఆపి చూసేవారా, తలెత్తకుండానే 'మళ్లీ చెప్పు' అనేవారా, ఇవన్నీ గుర్తు చేసుకుని రాయండి. మొదటి వాక్యం అక్కడి నుంచే మొదలుపెట్టండి.

'ఆదర్శమూర్తి' లాంటి మాటలు మీ ముందు మాట్లాడేవాళ్లు ఎలాగూ అనేస్తారు. నేను వెళ్లిన సంస్మరణ సభల్లో ఆ విశేషణాలు ఒక్కటీ గుర్తులేదు, చెప్పిన సంఘటనలే ఉండిపోయాయి. అమెరికాలో జాన్ వుడెన్ అనే బాస్కెట్‌బాల్ కోచ్ 12 ఏళ్లలో 10 జాతీయ టైటిళ్లు గెలిపించాడు, అయినా ఆయన ఆటగాళ్లు మళ్లీ మళ్లీ చెప్పుకున్నది మొదటి రోజు ప్రాక్టీసులో సాక్స్ ముడతలు లేకుండా ఎలా వేసుకోవాలో నేర్పిన సంగతి, ముడత ఉంటే పాదం బొబ్బలెక్కుతుందని.

ఇక ఆదివారాల కోపం. చెప్పొచ్చు, చెప్పాలి కూడా, ఎందుకంటే ఆ ఆదివారాలు ఆ హాల్లో కూర్చున్నవాళ్లకే దక్కాయి, ఆ సంగతి కూతురి నోటి నుంచి వినే హక్కు వాళ్లకుంది. కాకపోతే ఫిర్యాదులా కాకుండా జరిగింది జరిగినట్టు చెప్పండి. 2013 నవంబర్ 16న వాంఖడేలో సచిన్ వీడ్కోలు ప్రసంగం గుర్తుందా, చిన్నప్పుడు తన కోచ్ ఆచ్రేకర్ సర్ స్కూటర్ మీద ఒక మ్యాచ్ నుంచి ఇంకో మ్యాచ్‌కు తిప్పారని చెప్పి, 29 ఏళ్లలో సర్ ఒక్కసారి కూడా 'బాగా ఆడావు' అనలేదని కూడా అందరి ముందూ అన్నాడు. విన్నవాళ్లెవరికీ అది నిందలా అనిపించలేదు, మెచ్చుకుంటే తాను నిర్లక్ష్యంగా మారతానేమోనని సర్ భయమని కారణం కూడా అతనే చెప్పాడు మరి. మీ నాన్న ఆదివారాలు ఎందుకు వెళ్లేవారో మీకిప్పుడు అర్థమైతే ఆ మాటా చెప్పండి. అర్థం కాకపోతే కాలేదనే చెప్పండి, అబద్ధం మాత్రం వద్దు.

నోట్‌బుక్ విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను, జాగ్రత్త. అందులో ఎవరి ఇంట్లో గొడవలున్నాయో, ఎవరికి బూట్లు కొనిచ్చారో ఆయన రాసుకుని ఉండొచ్చు, పిల్లల్ని పట్టించుకునే కోచ్ అలాంటివే రాసుకుంటాడు. ఆ పిల్లలే ఇప్పుడు భార్యాబిడ్డలతో వచ్చి ముందు వరసలో కూర్చుంటారు. పేరుతో ఏది చదవాలన్నా ముందు వాళ్లకు ఫోన్ చేసి అడగండి. అడిగితే ఎక్కువమంది సరే అంటారు, ఇంకో సంగతి కూడా చెబుతారు, అది మీకు తెలియనిదై ఉంటుంది. వద్దన్నవాళ్ల పేజీ మాత్రం తెరవకండి.

పది నిమిషాలు చాలా ఎక్కువ, ఐదు చాలు. పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసుకోండి, పైకి చదువుతూ రెండుసార్లు టైమ్ చూసుకోండి. సచిన్ కూడా పేర్లు మర్చిపోకుండా జాబితా చేత్తో పట్టుకునే మాట్లాడాడు, కాగితం చూసి చదవడానికి మొహమాటపడకండి. ఇంకో కాపీ మీ వాళ్లెవరికైనా ఇచ్చి పక్కన నిలబెట్టుకోండి, గొంతు పూడుకుపోతే వాళ్లు అందుకుంటారు.

అమ్మను బలవంతపెట్టకండి. వుడెన్ భార్య 1985 మార్చి 21న చనిపోయింది, ఆ తర్వాత ఆయన ఏళ్ల తరబడి ప్రతి నెలా 21న ఆమెకు ఉత్తరం రాసి ఆమె దిండు మీద పెట్టేవాడు. అది సభల్లో పంచుకునే దుఃఖం కాదు, మీ అమ్మదీ అలాంటిదే కావచ్చు. మీరు రాసింది సభకు ముందురోజు రాత్రి ఆవిడకొక్కరికే చదివి వినిపించండి, వీలైతే ఆ వరండాలోనే కూర్చుని. 'ఆ గుడ్డ నీలంది కాదే' అని ఏదైనా సరిచేస్తే వెంటనే కాగితం మీద దిద్దుకోండి.