దవడ పన్ను స్థానంలో ఇంప్లాంట్ పెట్టించుకుంటే మునుపటిలా నమలగలమా?

కింది దవడలో పెద్ద పన్ను తీయించుకున్నారు. డాక్టరు ఇంప్లాంట్, అంటే దవడ ఎముకలో వేరులా బిగించే టైటానియం స్క్రూ, పెట్టించుకోమన్నారు. ఆ వైపు మళ్లీ గట్టి పదార్థాలు నమలగలనా, లేక ఖాళీ పూడ్చడానికి తప్ప అది పనికిరాదా అన్నది మీ సందేహం. నాకూ అదే చోట ఇంప్లాంట్ ఉంది. కొన్నేళ్లుగా దానితోనే నములుతున్నాను. నా అనుభవంలో నమిలే బలం దాదాపు పూర్తిగా తిరిగి వచ్చింది. కొరికినప్పుడు తెలిసే స్పర్శ మాత్రం పాత పన్నుది కాదు. బలం, స్పర్శ వేర్వేరని ముందే తెలిస్తే మొదటి నెలల్లో మీకు కంగారు ఉండదు.

సహజమైన పన్ను ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు. వేరుకూ ఎముకకూ మధ్య సన్నని నారల పొర ఉంటుంది. కొరికినప్పుడు పన్ను ఆ పొరలో రవ్వంత కిందికి దిగుతుంది. ఎంత ఒత్తిడి పడిందో ఆ పొరలోని నాడులు మెదడుకు చెబుతాయి. పళ్ల మధ్య పడిన వెంట్రుకను కూడా వెంటనే పసిగట్టగలగడం అందువల్లే. సహజమైన పళ్ల మధ్య సుమారు 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉన్నదేదైనా తెలుస్తుంది. ఇంప్లాంట్‌తో కొరికితే ఆ మందం 50 మైక్రాన్ల దాకా ఉంటే గానీ తెలియదు. చేతికి తొడుగు వేసుకుని పనిచేసినట్టు ఉంటుంది: పట్టు తగ్గదు, స్పర్శే కొంత మందగిస్తుంది. కొన్ని నెలలు గడిచాక దవడ కండరాలు, కీలు, ఎముక ద్వారా అందే సంకేతాలకు మెదడు అలవాటు పడుతుంది. ఇప్పుడు నేను ప్రత్యేకంగా గమనిస్తే తప్ప ఆ తేడా గుర్తుకే రాదు.

గట్టిగా నమిలితే ఊడిపోతుందేమోనన్న భయం నాకూ ఉండేది. ఎముక టైటానియంను గట్టిగా పట్టుకుంటుందని స్వీడన్‌కు చెందిన వైద్య పరిశోధకుడు బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ల ఎముకలపై పరిశోధిస్తూ గమనించారు. 1965లో ఆయన తొలిసారి ఒక రోగికి పెట్టిన ఇంప్లాంట్లు, ఆ రోగి 2006లో చనిపోయేవరకూ పనిచేశాయి. అయితే ఎముక అలా పట్టుకోవడానికి సమయం కావాలి. కింది దవడలో సాధారణంగా మూడు నెలలు, పై దవడలో ఎముక మెత్తగా ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ. ఈ దశలో డాక్టరు చెప్పినంత కాలం ఆ వైపు నమలకండి. నొప్పి పోయిందంటే ఎముక అతుక్కుందని అర్థం కాదు.

ఇక అసలు పరీక్ష క్యాప్, అంటే ఇంప్లాంట్ పైన వచ్చే కృత్రిమ పన్ను, బిగించిన రోజున మొదలవుతుంది. ఆ రోజు కుర్చీలోంచి తొందరగా లేవకండి. డాక్టరు పళ్ల మధ్య రంగు కాగితం పెట్టి కొరకమంటారు, గుర్తులు పడిన చోట కొద్దికొద్దిగా అరగదీస్తారు. నేను పళ్లు మెల్లగా కలిపినప్పుడు మిగతావన్నీ తగిలాయి, కొత్త పన్ను మాత్రం తగలనట్టు అనిపించింది. ఎత్తు తక్కువైందేమోనని అడిగాను. కావాలనే అలా ఉంచామన్నారు. సహజమైన పళ్లు గట్టిగా కొరికినప్పుడు పదుల మైక్రాన్లు దిగుతాయి, ఇంప్లాంట్ మాత్రం మూడు నుంచి అయిదు మైక్రాన్లకు మించి కదలదు. తేలిగ్గా కొరికినప్పుడే అన్నీ సమంగా తగిలేలా చేస్తే, గట్టిగా కొరికేసరికి బరువంతా ఇంప్లాంట్ మీదే పడుతుంది. అందుకే రవ్వంత ఖాళీ వదులుతారు, గట్టిగా కొరికినప్పుడు అదీ కలుస్తుంది. మీకూ అలా అనిపిస్తే ఎత్తు పెంచమని ఒత్తిడి చేయకండి. దీనికి భిన్నంగా, నోరు మూయగానే కొత్త పన్నే ముందు తగులుతుంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా వెళ్లి సరిచేయించుకోండి. ఇంప్లాంట్ సుఖంగా పనిచేయడమూ, క్యాప్ పగలడమూ, స్క్రూ వదులు కావడమూ చాలావరకు ఈ సర్దుబాటు మీదే ఆధారపడి ఉంటాయని నేను గట్టిగా నమ్ముతున్నాను.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది పాత అలవాటు. పన్ను లేని కాలమంతా రెండో వైపే నమిలాను కాబట్టి, కొత్త పన్ను వచ్చినా నాలుక ముద్దను అటే నెట్టేది. ముద్దను రెండుగా చేసి రెండు వైపులా నమలడం సాధన చేశాను. మొదట మెత్తనివి, తర్వాత ఉడికిన కూరగాయలు, ఆపై మాంసం, గింజలు. చాలాకాలం పని లేని కండరాలు కాబట్టి ఆ వైపు దవడ కాస్త నొప్పి పుట్టేది, తర్వాత అదే తగ్గింది. ఖాళీగా ఉన్న చోట బుగ్గ లోపలికి వచ్చి ఉంటుంది, అందుకే మొదటి రోజుల్లో బుగ్గ కొరుక్కోవడం మామూలే. అది ఆగకపోతే క్యాప్ అంచును గుండ్రంగా చేస్తారు.

ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది: ఆహారం ఇరుక్కోవడం. ఇంప్లాంట్ సహజమైన వేరు కంటే సన్నం కాబట్టి క్యాప్ మెడ దగ్గర ఖాళీలు మిగులుతాయి. పైగా సహజమైన పళ్లు జీవితాంతం కొద్దికొద్దిగా ముందుకు జరుగుతూనే ఉంటాయి, ఇంప్లాంట్ ఉన్నచోటే ఉంటుంది. అందుకే మొదట బిగుతుగా ఉన్న సందు కొన్నేళ్లకు వదులు కావచ్చు. నాకు అదే జరిగింది. పీచు పదార్థం తిన్న ప్రతిసారీ ముందు వైపు సందులో ఇరుక్కునేది. నా క్యాప్ స్క్రూతో బిగించిన రకం కాబట్టి దాన్ని విప్పి, పక్కన పింగాణీ చేర్చి మళ్లీ బిగించారు. సిమెంటుతో అతికించిన క్యాప్‌ను ఇంత సులువుగా తీయలేరు. మీకు పెట్టేది ఏ రకమో ముందే అడగండి. సందుల్లో తిప్పే చిన్న బ్రష్ మాత్రం రోజూ వాడాల్సిందే.

ఇంప్లాంట్‌లో నరం ఉండదు, చల్లదనానికి జివ్వుమనదు, పుచ్చదు. కానీ దాని చుట్టూ ఉన్న చిగురు, ఎముక దెబ్బతినవచ్చు, అదీ చాలాకాలం నొప్పి లేకుండా. బ్రష్ చేసినప్పుడు రక్తం కనిపించినా, చెడు రుచి తగిలినా నొప్పి కోసం ఎదురుచూడకుండా చూపించుకోండి. పొగతాగేవారికి, మధుమేహం అదుపులో లేనివారికి, చిగుళ్ల జబ్బు ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ. క్యాప్ కదిలినట్టు అనిపిస్తే ఆ వైపు నమలడం ఆపి వెళ్లండి. చాలాసార్లు వదులైంది పైన ఉన్న స్క్రూ మాత్రమే అయి ఉంటుంది, బిగిస్తే సరిపోతుంది.

బ్రిడ్జితోనూ, అంటే రెండు పక్క పళ్ల ఆధారంతో ఖాళీలో నిలిపే కృత్రిమ పన్నుతోనూ, బాగానే నమలవచ్చు, కానీ అందుకోసం పక్క పళ్లను అరగదీయాలి. మీ పక్క పళ్లు చెక్కుచెదరకుండా ఉంటే నా ఓటు ఇంప్లాంట్‌కే. ఇప్పటికే వాటికి క్యాప్‌లు అవసరమైతే బ్రిడ్జి గురించి కూడా మాట్లాడండి. ఆ ఖాళీకి ఎదురుగా పై దవడలో పన్ను ఉందా, అది కిందికి దిగుతోందా అన్నది కూడా అడగండి, ఎందుకంటే ఆలస్యమయ్యేకొద్దీ క్యాప్‌కు చోటు తగ్గిపోతుంది. నిద్రలో పళ్లు కొరికే అలవాటు ఉంటే మీరే డాక్టరుకు చెప్పండి, రాత్రి పళ్లకు తొడుక్కునే గార్డు చేయించి ఇస్తారు.