ఆ జీపును కథలోంచి తీసెయ్యి, చిట్టీ

చి. చిట్టికి,

అత్త ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు స్క్రిప్టులూ అందాయి. పదమూడు ఎపిసోడ్ల పిల్లల కార్యక్రమం నీకు అప్పగించారని తెలిసి ఇంట్లో అందరికంటే ఎక్కువ సంతోషించింది నేనే. స్క్రిప్టులు చదివాక అందరికంటే ఎక్కువ దిగులుపడిందీ నేనే. బాల్యవివాహం, ఆడపిల్లల చదువు, ఇంట్లో మరణం, వైకల్యం ఉన్న తోటి పిల్లలు, అన్నీ బరువైన విషయాలే ఎంచుకున్నావు. అందుకు నిన్ను తప్పుపట్టను. "చిన్నపిల్లలకు ఇవన్నీ ఎందుకు?" అని మీ ఆఫీసులో ఎవరో అన్నారని రాశావు. ఇవన్నీ జరుగుతున్నది వాళ్ల ఇళ్లలోనే. వాళ్లకు కాక ఇంకెవరికి చెబుతాం?

నా దిగులు వేరే. మొదటి కథలో నీ పన్నెండేళ్ల పిల్ల గ్రామసభలో లేచి నిలబడి మూడు నిమిషాలు ఉపన్యాసం ఇస్తుంది. ఊరంతా చప్పట్లు కొడుతుంది. పెళ్లి ఆగిపోతుంది. చిట్టీ, నీకు పన్నెండేళ్లప్పుడు సంక్రాంతికి కొన్న లంగా రంగు నచ్చలేదని మీ నాన్నతో చెప్పడానికి నన్ను రాయబారం పంపావు. గుర్తుందా?

ఈ తప్పు నేనూ చేశాను కాబట్టే ఇంత చనువుగా చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో బాల్యవివాహం మీద ఇరవై నిమిషాల నాటకం రాశాను. చివర్లో కలెక్టరుగారు దుమ్ము రేపుకుంటూ జీపులో వచ్చి పెళ్లి ఆపుతారు. మా పై అధికారులకు తెగ నచ్చింది. ప్రసారమైన వారానికి ఒక పల్లె బడికి వెళ్లి, కథలో మీకు ఎవరు నచ్చారని నాలుగో తరగతి పిల్లలను అడిగాను. "జీపు" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. ఒకడు లేచి హారన్ ఎలా మోగిందో నోటితో మోగించి చూపించాడు. పెళ్లికూతురి పేరు ఏమిటంటే ఒక్కరికీ గుర్తులేదు. గుర్తుండటానికి ఆ పిల్ల చేసింది ఏముంది గనక? ఏడ్చింది. ఎవరో వచ్చి కాపాడారు. వెనక వరసలోంచి ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "మా ఊరికి రోడ్డు లేదు కదా టీచర్, జీపు ఎలా వస్తుంది?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఈ రోజుకీ నా దగ్గర జవాబు లేదు.

నీ కథలో ఆ ఉపన్యాసమే జీపు. పిల్లకు అందని వస్తువు.

మీనా కథలు ఒకసారి మళ్లీ చూడు. 1990ల మొదట్లో యూనిసెఫ్ బంగ్లాదేశ్‌లో మొదలుపెట్టి దక్షిణాసియా దేశాలన్నిటికీ అందించిన కార్టూన్లు అవి. వాటికి ప్రాణం పోసినవారిలో మన దేశపు యానిమేటర్ రామ్ మోహన్ ముఖ్యులు. తొలి కథల్లో ఒకదానిలో మీనాను బడికి పంపరు, తమ్ముడు రాజూనే పంపుతారు. ఈ పిల్ల ఏం చేస్తుంది? ధర్నా చేయదు. తన చిలక మిఠూను బడి కిటికీ దగ్గరికి పంపి పాఠం విని రమ్మంటుంది. చిలక నేర్చుకొచ్చిన అంకెలు తను నేర్చుకుంటుంది. ఆ లెక్కతో ఇంటి కోళ్లను లెక్కపెడితే ఒకటి తక్కువ వస్తుంది, దొంగ దొరికిపోతాడు. తర్వాత బడికి పంపడానికి తండ్రి ఒప్పుకుంటాడు. కోడి ధర తెలిసిన మనిషికి లెక్క విలువ తెలిసింది, అంతే. చిలక ఎవరి ఇంట్లోనూ పాఠం వినిరాదు, నిజమే. కానీ లెక్కపెట్టడం ఏ పిల్ల చేతిలోనైనా ఉన్న పనే.

ఇంకొకటి గమనించు. ఆ కథ రాసినవాళ్లకు తండ్రి మీద కోపం లేదు. నీ కథలో తండ్రికి మీసాలు మెలివేయడం తప్ప వేరే పనే పెట్టలేదు. నీ ప్రేక్షకురాలు ఎక్కడ కూర్చుని చూస్తుందో ఆలోచించు. ఆ తండ్రి పక్కనే, బహుశా ఆయన ఒళ్లోనే. మా నాన్న చెడ్డవాడు అని ఒప్పుకోవడం కంటే నీ కార్యక్రమం కట్టేయడమే ఆ పిల్లకు తేలిక. మామిడిపండు కథలో రాజూ పెద్ద ముక్క తనదే అనుకుంటాడు. అక్కాతమ్ముళ్లు ఒక రోజుకు పనులు మార్చుకుంటారు. సాయంత్రానికి వాడికి నడుం విరిగినంత పనవుతుంది. వాడిని ఎవరూ తిట్టరు, ఆ అవసరమే రాదు. అమెరికా పిల్లల టీవీ కార్యక్రమం సెసమీ స్ట్రీట్‌కు అఫ్గానిస్తాన్‌లో వచ్చిన రూపంలో 2016లో జరీ అనే ఆరేళ్ల ఆడపిల్ల బొమ్మను తెచ్చి, మరుసటి ఏడాదే ఆమెకు జీరక్ అనే తమ్ముణ్ణి తెచ్చారు. అక్క బడికి వెళ్తుంటే మురిసిపోయే నాలుగేళ్ల తమ్ముడు. ఆడపిల్ల చదువు గురించిన కథను మగపిల్లవాడి వైపు నుంచి కూడా కట్టవచ్చని వాళ్లకు తెలుసు. నీ మొదటి కథలో మగపిల్లలు ఎక్కడున్నారు? వెతికాను. ఒకడు జడ లాగుతాడు, ఇంకొకడు నవ్వుతాడు.

ఇక మూడో స్క్రిప్టు. తాతయ్య "చుక్కల్లో కలిసిపోయాడు" అని రాశావు. నీకు నాలుగేళ్లప్పుడు మా అమ్మ, అంటే మీ నాయనమ్మ, పోయింది. ఎలా చెప్పాలో తెలియక అందరం కూడబలుక్కుని "ఊరెళ్లింది" అన్నాం. నెల రోజులు సాయంత్రం బస్సు వేళకు నువ్వు గేటు పట్టుకుని నిలబడేదానివి. తర్వాత ఎప్పుడో మీ నాన్న ఆఫీసు పనిమీద ఊరెళ్లొస్తానంటే కాళ్లకు చుట్టుకుని ఇల్లు దద్దరిల్లేలా ఏడ్చావు. నీకు గుర్తుండకపోవచ్చు. నాకు గుర్తుంది. ఆ అబద్ధంలో నాకూ వాటా ఉంది.

అమెరికాలో 1969 నవంబరులో మొదలైన సెసమీ స్ట్రీట్‌లో హూపర్ అనే దుకాణదారు ఉండేవాడు. ఆ పాత్ర వేసిన విల్ లీ 1982 డిసెంబరులో చనిపోయారు. వేరే నటుణ్ణి పెట్టవచ్చు, లేదా హూపర్ ఎక్కడికో వెళ్లిపోయాడని మనలాగే చెప్పేయవచ్చు. వాళ్లు రెండూ చేయలేదు. హూపర్ గారు చనిపోయారని పిల్లలకు చెప్పాలనే నిశ్చయించుకున్నారు. 1983 నవంబరు 24న, వాళ్ల థాంక్స్‌గివింగ్ పండుగ నాడు ప్రసారం చేశారు. పండుగ సెలవు కాబట్టి పెద్దవాళ్లు ఇంట్లో ఉంటారు, ప్రశ్న అడిగితే పక్కన జవాబు చెప్పే మనిషి ఉంటాడని వాళ్ల లెక్క. ఆ లెక్క నేర్చుకో. ఏ రోజు, ఏ వేళ అన్నది కూడా స్క్రిప్టులో భాగమే.

కథ ఎంత చిన్నదో చూడు. బిగ్ బర్డ్ అనే పెద్ద పసుపు పక్షి తన పెద్ద స్నేహితుల బొమ్మలు గీసి ఎవరిది వాళ్లకు పంచుతుంది. హూపర్ గారి బొమ్మ మిగులుతుంది. ఆయనేరీ అని అడుగుతుంది. చనిపోయారని చెప్పాం కదా అంటారు. అయితే తిరిగొచ్చాక ఇస్తానంటుంది. చనిపోయినవాళ్లు తిరిగి రారని మెల్లగా చెబుతారు. ఎందుకు ఇలా జరగాలి, ఒక్క కారణం చెప్పండని పక్షి నిలదీస్తుంది. పెద్దవాళ్ల దగ్గర ఉన్న జవాబల్లా, అది అంతే అన్నది ఒక్కటే.

జబ్బుచేసి పోయారని అనలేదు, జలుబు చేసిన పిల్లవాడు హడలిపోతాడని. ముసలితనంతో పోయారని అనలేదు, నాలుగేళ్ల పిల్ల కంటికి ముప్పై ఏళ్ల అమ్మ కూడా ముసలిదే. స్వర్గం ఊసెత్తలేదు, దాని గురించి ఒక్కో ఇంట్లో ఒక్కోలా చెప్పుకుంటారు. అన్నీ తీసేస్తే మిగిలింది, ఆయన ఇక రారు, మనకు ఆయన గుర్తుకొస్తూనే ఉంటారు అన్నవి రెండే సంగతులు. నీ స్క్రిప్టులో తాతయ్య పోయాక చుక్కలూ దేవుడూ కర్మా పునర్జన్మా అన్నీ ఏడు నిమిషాల్లో వచ్చిపోయాయి. నాకే ఊపిరాడలేదు.

అలాగని ఆ బృందం ప్రతిసారీ నెగ్గిందనుకోకు. 1992లో అమ్మానాన్నల విడాకుల మీద ఒక ఎపిసోడ్ తీశారు. స్నఫీ అనే, ఏనుగును పోలిన బొమ్మ ఇంట్లో అమ్మానాన్నలు విడిపోతారు. జాగ్రత్తగా రాశారు, జాగ్రత్తగా తీశారు, ప్రసారానికి ముందు కొందరు చిన్నపిల్లలకు చూపించారు. నాన్న పారిపోయాడని కొందరికి అర్థమైంది. స్నఫీకి నాన్న ఇక కనిపించడని కొందరు అనుకున్నారు. అమ్మానాన్న వాదించుకుంటే చాలు, విడిపోవడమేనని మరికొందరు తేల్చారు. ఏ ఇంట్లో వాదనలు లేవు చెప్పు! తీసిన ఎపిసోడ్‌ను తీసినట్టే అటకెక్కించారు. ఆ విషయం జోలికి మళ్లీ వచ్చింది 2012లో. అప్పుడు కూడా రోజువారీ కార్యక్రమంలో పెట్టలేదు, కుటుంబాల కోసం విడిగా వీడియోలు చేశారు. పూర్తయిన పనిని పారేసే గుండె నాకు లేకపోయింది. ఉంటే నా జీపు కదిలేదే కాదు.

పిల్లలకు చూపించడమంటే చూపించి "బాగుందా?" అని అడగడం కాదు. బాగుందనే అంటారు, పెద్దవాళ్లు అడిగారు కాబట్టి. సెసమీ స్ట్రీట్ తొలినాళ్లలో ఎడ్వర్డ్ పామర్ అనే పరిశోధకుడు టీవీ పక్కనే చిన్న తెర పెట్టి, దాని మీద ఏడున్నర సెకన్లకొకసారి కొత్త బొమ్మ మారేలా చేశాడు. పిల్లవాడి చూపు టీవీ మీద నుంచి ఏ క్షణాన పక్కకు జారిందో రాసుకునేవారు. నీకు అంత సరంజామా అక్కర్లేదు. బడిలో కిటికీ పక్కన టీవీ పెట్టు. బయట మేకలు వెళ్తుంటాయి. మేకల మీద గెలిచిన సన్నివేశాన్ని ఉంచు, ఓడినదాన్ని కత్తిరించు. 1969 వేసవిలో ఫిలడెల్ఫియాలో సెసమీ స్ట్రీట్‌ను పిల్లలకు చూపించి చూస్తే, మనుషులు మాత్రమే ఉన్న వీధి దృశ్యాల దగ్గర చూపులు చెదిరిపోయాయి. మనుషులనూ బొమ్మలనూ కలిపి చూపించవద్దని అంతకుముందు నిపుణులు చెప్పి ఉన్నారు. ఆ సలహా పక్కనపెట్టి బిగ్ బర్డ్‌ను వీధిలోకి దించారు. నిపుణులను అడుగు, వాళ్లకు కాఫీ ఇవ్వు. చివరి మాట మాత్రం నాలుగో తరగతిదే.

చక్రాల కుర్చీ పిల్లవాడి కథలో వాడు చివరికి జిల్లా స్థాయిలో బంగారు పతకం గెలుస్తాడు. ఎందుకు గెలవాలి? మిగతా పిల్లలు ఊరికే ఆడుకుంటుంటే వాడికి మాత్రం మన దగ్గరకు రావడానికి పతకం టికెట్టా? సెసమీలో ఆటిజం ఉన్న జూలియా అనే బొమ్మ 2017లో టీవీ మీదికి వచ్చింది. బిగ్ బర్డ్ పలకరిస్తే పలకదు. నేనంటే ఇష్టం లేదేమోనని అతను చిన్నబుచ్చుకుంటాడు. ఆమె తీరు అది అని మిగతావాళ్లు చెబుతారు. అంటుకునే ఆటలో ఆమె గంతులు మొదలుపెడితే, అందరూ ఆ గంతులనే ఆటగా మార్చుకుంటారు. ఎవరూ ఏమీ గెలవలేదు.

నేను టీవీ మొట్టమొదట చూసింది 1975లో, పదేళ్లప్పుడు. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో ఏడాదిపాటు నడిపిన సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2400 పల్లెలకు కార్యక్రమాలు చేరాయి. అందులో మా ఊరొకటి. కోళ్లగూటికి కొట్టే జాలీలాంటి వలతో గొడుగులాంటి పెద్ద యాంటెన్నా, పొద్దున పిల్లలకు, సాయంత్రం ఊరికి. ఒకరోజు నీళ్లలో పుల్ల ముంచితే విరిగినట్టు ఎందుకు కనిపిస్తుందో చూపించారు. మధ్యాహ్నానికి ఊళ్లోని ప్రతి చెంబులోనూ ఒక పుల్ల ఉంది. తాగే నీళ్లు పాడుచేశామని మీ నాన్నా నేనూ చెరొక దెబ్బ తిన్నాం. చూసిన మిగతావన్నీ మరిచిపోయాను. టీవీ కట్టేశాక చేతికి పని దొరికిన ఆ ఒక్కటే మిగిలింది. నీ ఒక్కో ఎపిసోడ్ అయ్యాక మీ ప్రేక్షకులు ఏ చెంబు దగ్గరికి పరుగెత్తుతారు? స్క్రిప్టు పైన ఒక్క వాక్యంలో రాసి పంపు. రాయలేకపోతే ఆ ఎపిసోడ్ ఇంకా పుట్టలేదు.

మీ ఆఫీసులో గొడవల గురించి పెద్దగా చెప్పను. అవి తప్పవు. 1970లో మిసిసిపి రాష్ట్ర విద్యా టెలివిజన్ కమిషన్, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి కనిపిస్తున్నారని సెసమీ స్ట్రీట్‌నే వద్దంది. పత్రికలకెక్కి రచ్చయ్యాక కొద్ది వారాల్లోనే వెనక్కి తగ్గింది. దక్షిణాఫ్రికా సెసమీలో 2002లో హెచ్‌ఐవీ ఉన్న ఐదేళ్ల కామీ బొమ్మను తెచ్చినప్పుడు అమెరికా చట్టసభ సభ్యులు కొందరు ఉలిక్కిపడ్డారు. కామీ మాత్రం మిగతా బొమ్మలతో ఆడుకుంటూనే ఉంది. నీకు పిల్లలు ఎక్కడ కళ్లు తిప్పుకున్నారో, ఎక్కడ నవ్వారో రాసుకున్న కాగితాలు చేతిలో ఉంటే, ఆ సమావేశాల్లో గొంతు పెంచాల్సిన పని పడదు.

మొదటి కథను మళ్లీ రాసి తెచ్చుకో. మా ఇంటి వెనక బడిలో హెడ్మాస్టరుగారితో మాట్లాడి ఉంచాను. మధ్యాహ్న భోజనం తర్వాత కాదు, నిద్రపోతారు. పదిన్నరకు నలభై మంది దాకా ఉంటారు. మీ ఆఫీసు బృందాన్ని వెంటబెట్టుకుని రావద్దు, నువ్వొక్కదానివే రా. బిస్కెట్ ప్యాకెట్లు మాత్రం తేవద్దు. తెస్తే అన్నీ బాగున్నాయనే అంటారు.

అత్త