జ్వరమొచ్చి సువార్త మధ్యలో వదిలేశాను

ప్రశ్న: జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల్లో సువార్తకు వెళ్ళాను. మే ఎండకు వడదెబ్బ తగిలి, జ్వరమొచ్చి మూడోరోజే ఇంటికొచ్చేశాను. నా విశ్వాసం చాలదా అయ్యగారూ?
– ఒక యువ సేవకుడు, ప్రొద్దుటూరు

జవాబు: నాయనా, బైబిల్లో అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన ఉత్తరం, ఫిలిప్పీ పత్రిక, 2వ అధ్యాయం 25 నుంచి 30 వరకు చదువు. ఆ సంఘం పంపిన ఎపఫ్రొదితు పౌలుకు సాయంగా వచ్చి చావుదాకా జబ్బుపడ్డాడు. పౌలు అతన్ని నిందించలేదు. ఇంటికి పంపుతూ, ఇలాంటివారిని ఘనపరచండి అని సంఘానికి రాశాడు. తనతో తిరిగే త్రోఫిమును కూడా రోగిగానే మిలేతు ఊళ్ళో విడిచి వెళ్ళాడు. వాళ్ళకు విశ్వాసం లేదని ఎవరంటారు?

నా సంగతి చెప్తాను. వయసులో ఉన్నప్పుడు ముద్దనూరు వైపు సైకిలు మీద పోతుంటే వాన పట్టుకుంది. నల్లరేగడి మన్ను మడ్‌గార్డుల్లో ఇరుక్కుని చక్రాలు కదల్లేదు. సైకిలు భుజానేసుకుని, చెప్పులు చేతబట్టుకుని చీకటిపడ్డాక ఒక పల్లె చేరాను. వాక్యం చెప్పే ఓపిక లేదు. ఒక పెద్దమ్మ, ఆమె క్రైస్తవురాలు కూడా కాదు, కాళ్ళకు నీళ్ళిచ్చి, సంగటి ముద్ద, ఊరిబిండి పెట్టింది. "ముందు తిను నాయనా, మాటలు రేపు" అంది. పంచడానికే వెళ్ళాననుకున్న నాకు ఆ రాత్రి చెయ్యి చాపడం వచ్చింది. బైబిలు పాఠశాలలో నాకది ఎవరూ నేర్పలేదు.

పూర్తిగా కోలుకో. ఈసారి తెల్లవారుజామునే బయల్దేరు, పదింటికల్లా నీడకు చేరు, ఉప్పేసిన మజ్జిగ తాగు. ఒంటరిగా వెళ్ళొద్దు. ఆగిపోయిన ఊరి నుంచే మొదలుపెట్టు, వాళ్ళు నీ ఒళ్ళెలా ఉందని అడుగుతారు.